ఎడమ పక్క ఖాళీ

మా సంఘం వినతిపత్రాలన్నీ నేనే టైపు చేస్తాను.
మర్నాడు పది గంటలకి
వాటికి జవాబూ నేనే టైపు చేస్తాను.
"పరిశీలనలో ఉన్నది" అని కొట్టడానికి
కీబోర్డు చూడక్కర్లేదిప్పుడు,
వేళ్లకి దారి తెలుసు
విజయనగరంలో ఎక్కిన బస్సుకి నెల్లిమర్ల తెలిసినట్టు.

ఇరవై రెండేళ్ల సర్వీసు.
"తమరి దయార్ద్ర హృదయమునకు" అని
ఎన్నిసార్లు కొట్టానో.
ఆ హృదయం ఏ సెక్షన్లో కూర్చుంటుందో
ఏ ఇన్‌వార్డు రిజిస్టర్లోనూ లేదు.

మొన్న జాయింటు కౌన్సిల్ మీటింగు.
మూడేళ్లకోసారి పెట్టేది కదా, టీ వేడిగానే ఉంది.
జీడిపప్పు పలాస నుంచి వచ్చింది,
కరువు భత్యం ఎక్కణ్ణుంచీ రాలేదు.
మేం చెప్పాం. వాళ్లు విన్నారు.
వింటే చాలు వాళ్లకి,
ఒప్పుకోవాలనీ
ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలనీ
ఏ రూలూ అనదు.
మినిట్సు నేనే రాశాను:
"చర్చలు స్నేహపూర్వక వాతావరణములో జరిగినవి."

ఆ సాయంత్రం కూరల బజార్లో
ఇజ్జాడ పైడమ్మ దగ్గర వంకాయలు.
"ముప్ఫయ్యా? ఇరవై చెయ్యి."
"గిట్టదు తల్లీ. ఇరవయ్యారు.
నచ్చితే తీస్కో, నేకపోతే ఒగ్గీ."

ఒగ్గీ.
గోనెపట్టా మీద కూచుని
నా కళ్లలోకి చూసి అనగలదా మాట.
నాకు పర్మనెంటు ఉద్యోగం, కుర్చీకి కుషను,
నేను ఒగ్గీ అంటే
బ్రేకిన్ సర్వీసు.

మా నాన్న జూట్ మిల్లులో చేసేవాడు.
ఇంటికొచ్చేసరికి కనుబొమల నిండా గోగునార నూగు.
నా పదకొండో ఏట ఒక రాత్రి
పలచని కాగితం ఒకటి దీపం దగ్గర పరిచాడు.
చదవడం రాదు, చూపించడం వచ్చు.
"ఇదిగో, ఎడం పక్క మిల్లోళ్లు.
కుడి పక్క మనం."
ఎడమన మూడు ఇంగ్లీషు సంతకాలు.
కుడిన ఐదు, అందులో ఒకటి
సంతకం కాదు, వేలిముద్ర,
నల్లగా, మిషను నూనె మరకలా
మిగతా నాలుగింటికన్నా పెద్దది.

ఆ కాగితం మమ్మల్ని మేడలేం ఎక్కించలేదు.
గేటుకి తాళం పడ్డ నెలల్లో
అది ఇంట్లో ఉండగానే గంజి తాగాం.
అయినా రేషను కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచాడు.
పోయే ముందు ఏడు నన్నడిగాడు:
"మీది గవర్నమెంటు గదా,
మీ కాయితం మీద ఆళ్ల సంతకం
ఏ పక్కనుంటాదే?"

మాత్రలేసుకో నాన్నా, అన్నాను.

అడగడానికీ అడుక్కోడానికీ మధ్య
ఒక్క కావత్తే అడ్డం.
ఇరవై రెండేళ్లు పట్టింది నాకు అది కనపడ్డానికి.

ఇవాళ ఆఫీసు కట్టేసే వేళ, కొత్త పత్రం.
"ప్రార్థించుచున్నాము" చెరిపేశాను.
"కోరుచున్నాము" కొట్టి
అదీ చెరిపేశాను.
కర్సరు కొట్టుకుంటోంది
బస్సు కోసం నిలబడ్డ మనిషి కాలిలా.
పైకెళ్లి, వినతిపత్రం అన్న శీర్షిక తీసి
ఒప్పందం అని పెట్టాను.
కిందికొచ్చి గీతలు గీశాను.
కుడి పక్క మా ఐదు పేర్లు.

టేబులు తుడుస్తూ లెంక ఎర్రమ్మ వంగి చూసింది.
ఏజెన్సీ మనిషి. నాలుగు నెలలుగా జీతం లేదు.
అక్షరాలు రావు, గీతలు లెక్కపెట్టింది.
"నానున్నానా అమ్మా ఇందల?"

సంఘం నిబంధనావళిలో లేదామె.
నేనేమీ అనలేదు కాసేపు.
ఫ్యాను తిరుగుతోంది.
ఆరో గీత గీశాను.
కార్యదర్శి గౌరునాయుడు గారు రేపు గొడవ చేస్తారు,
చెయ్యనీ,
ముందు ఆయనతోనే ఆడతాను బేరం.

ఎడమ పక్క
గీత మాత్రం ఉంది, పేరు కొట్టలేదు.

వినతిపత్రమైతే పంపేది ఒక్కటే.
ఇది రెండు తీశాను.